మొదటి జీతాల్లో నగలు: ఏది కొనాలి, ఏది ఆగాలి, ఏది అమ్మ దగ్గర అడిగి పెట్టుకుంటే సరిపోతుంది

ముందే చెప్పేస్తున్నా, ఇది పెళ్ళి నగల గురించి కాదు. పెళ్ళికి హారమా, కాసులపేరా, వడ్డాణం ఉండాలా వద్దా అన్నవన్నీ అమ్మ, నాన్నమ్మ, మేనత్తలు కూర్చుని తేల్చేస్తారు, అక్కడ మీ మాట చెల్లేది అంతంతమాత్రమే. ఇక్కడ సంగతి వేరు. ఉద్యోగంలో చేరి ఏడాదో రెండేళ్ళో అయింది, చెవులకి ఇంకా కాలేజీ రోజుల్లో రోడ్డు మీద కొన్న దుద్దులే ఉన్నాయి, ఆఫీసుకీ, స్నేహితురాలి ఎంగేజ్‌మెంటుకీ, వరలక్ష్మీ వ్రతానికీ పనికొచ్చేలా నాలుగు మంచి వస్తువులు సొంత డబ్బుతో కొనుక్కోవాలి. అలాంటి అమ్మాయి 22 క్యారెట్ కొనాలా, 18 కొనాలా, వెండి చాలా, వన్ గ్రామ్ గోల్డ్‌తో నడిపేయొచ్చా అన్నదే విషయం.

నా అభిప్రాయం ఒక్కటే. పెట్టుకోవడానికి కొంటున్నారా, దాచుకోవడానికి కొంటున్నారా అన్నది షాపు మెట్లెక్కకముందే తేల్చుకోండి. ఒకే నగతో రెండు పనులూ చేద్దామనుకున్నప్పుడే డబ్బు పోతుంది. ఇంట్లోవాళ్ళు "రేపు అవసరానికి పనికొస్తుంది కదమ్మా" అంటారు, మనకేమో డిజైన్ కావాలి, చివరికి రాళ్ళూ లక్కా నక్షీ పనీ (చేత్తో చెక్కే బొమ్మల పని) కలిసిన ఒక మధ్యరకం నెక్లెస్ కొంటాం. అది రోజూ పెట్టుకోలేం, అమ్మితే సగం విలువ ఎగిరిపోతుంది, ఏడాదికి రెండుసార్లు బీరువాలోంచి బయటికొస్తుంది. నన్నడిగితే పాతికేళ్ళ లోపు అమ్మాయి కొనకూడని నగ అంటూ ఉంటే అదే.

బిల్లు చదవడం వస్తే సగం పని అయినట్టే

టీవీలో చెప్పే రేటు చాలాసార్లు 24 క్యారెట్ మేలిమి బంగారానిది, షాపు బోర్డు మీద మనం చూడాల్సింది 22 క్యారెట్ రేటు. ఆ రేటు ఒకే ఊళ్ళో షాపుకీ షాపుకీ పెద్దగా మారదు. మారేది తరుగు, అంటే నగ చేసేటప్పుడు పోయే బంగారానికీ పనికీ అని పైన వేసే శాతం. పెద్ద షాపులు దాన్ని వీఏ (వాల్యూ అడిషన్) అంటున్నాయి, పాత షాపుల్లో తరుగు, మజూరీ (పని కూలి) అని విడివిడిగా వేస్తారు, పేరు ఏదైనా మన జేబులోంచి పోయేదే. మిషన్ మీద చేసిన సాదా గొలుసుకి తక్కువ, చేతిపని నక్షీకి ఇరవై శాతం దాటి అడిగేవాళ్ళూ ఉన్నారు. ఇది బేరం ఆడదగ్గ అంకె, సిగ్గుపడక్కర్లేదు.

ఈమధ్య మా పిన్ని కూతురికి కమ్మలు చూడ్డానికి వెళ్ళాం. ట్యాగ్ మీద మొత్తం బరువు 5.210, రాళ్ళు 0.640, నికర బరువు 4.570 అని చిన్న అక్షరాలతో ఉంది. సేల్స్ అబ్బాయి కాలిక్యులేటర్ మీద 5.210 కొట్టబోతుంటే "తమ్ముడూ, రాళ్ళు తీసేసి లెక్క వెయ్యి" అన్నాను. "తీసేస్తాం మేడమ్, మామూలుగా చూపిస్తున్నా" అని నవ్వి మళ్ళీ కొట్టాడు. వీఏ 18 అన్నాడు, మీకోసం 16 అన్నాడు, మేం లేచి నిలబడ్డాక 13 దగ్గర ఆగాడు. రాళ్ళకి విడిగా ఇంకో ధర వేశాడు, అవి మామూలు జర్కన్లు, వజ్రంలా మెరిసే చవక రాళ్ళు, రేపు తిరిగి ఇస్తే వాటికి పైసా రాదు. "తరుగు లేదు" అని పెద్ద బోర్డు పెట్టిన చోట ముందుగా చూడాల్సింది ఈ రాళ్ళ ధర గడే. తగ్గించింది ఒక గడిలో అయితే పెంచింది పక్క గడిలో ఉంటుంది.

లెక్క సులువుగా ఉండటానికి 22 క్యారెట్ గ్రాము 10,000 రూపాయలు అనుకుందాం, మీరు చదివే రోజున ఇంకా ఎక్కువే ఉండొచ్చు. నాలుగు గ్రాముల సాదా కమ్మలు, తరుగు 12 శాతం. బంగారం 40,000, తరుగు 4,800, మొత్తం మీద 3 శాతం జీఎస్టీ 1,344, అంతా కలిపి 46,144. దీని మీద హాల్‌మార్క్ (స్వచ్ఛత పరీక్షించి వేసే ముద్ర) ఫీజు నగకి 45 రూపాయలు, దాని పన్నూ పడతాయి, అది లెక్కలోది కాదు. అంటే రేటు ఏమీ మారకపోయినా రేపు అమ్మితే ఆరు వేలు పోయినట్టే. ఇప్పుడు అదే బరువు 18 క్యారెట్‌లో చూడండి. దామాషా ప్రకారం గ్రాము దాదాపు 8,180 పడుతుంది, నాలుగు గ్రాములకి 32,720. కానీ 18 క్యారెట్ డిజైన్లకి తరుగు ఎక్కువ వేస్తారు, 20 శాతం అనుకుంటే 6,544, జీఎస్టీ 1,178, మొత్తం 40,442. కౌంటర్ దగ్గర ఐదున్నర వేలకు పైగా మిగిలిందని సంబరపడతాం గానీ బంగారం కానిదానికి పోయింది ఇక్కడ 7,700 పైనే, అక్కడ 6,100. చవక అనిపించిందే ఎక్కువ తినేసింది.

అలాగని 18 వద్దని కాదు. 22 క్యారెట్‌లో 91.6 శాతం బంగారం, అందుకే దాన్ని 916 అంటారు, రంగు మనకి అలవాటైన పసుపు, కానీ మెత్తన. 18 క్యారెట్‌లో 75 శాతమే బంగారం, మిగతాది రాగి, వెండి లాంటివి కలవడంతో గట్టిపడుతుంది, రాయిని పట్టి ఉంచుతుంది, సన్నటి డిజైన్ వంగదు. కాబట్టి నా సూత్రం: రాయి లేని సాదా నగ అయితే 22, రాయి ఉంటే, ముఖ్యంగా వజ్రం ఉంటే 18. 14 క్యారెట్ అంటే 58.5 శాతం, ఆన్‌లైన్ కంపెనీలు ఎక్కువగా దీన్నే అమ్ముతున్నాయి, తేలికపాటి ఆఫీసు నగలకి బాగానే ఉంటుంది, కాకపోతే అమ్మిన కంపెనీ తప్ప మీ ఊళ్ళో షాపు దాన్ని అంత ఇష్టంగా తీసుకోదు. 2025లో 9 క్యారెట్‌కి కూడా హాల్‌మార్క్ ఇవ్వడం మొదలైంది, అందులో బంగారం 37.5 శాతం. అందంగా ఉంటే కొనుక్కోండి, బంగారం కొన్నామని మాత్రం ఇంట్లో చెప్పకండి, అమ్మతో గొడవ మీకే.

హాల్‌మార్క్ సంగతి తొందరగా చెప్పేస్తా. 2023 ఏప్రిల్ 1 నుంచి షాపులో అమ్మే హాల్‌మార్క్ నగ మీద మూడు గుర్తులు ఉండాలి: ప్రభుత్వ ప్రమాణాల సంస్థ బీఐఎస్ త్రికోణం, 22కే916 లాంటి స్వచ్ఛత అంకె, అంకెలూ అక్షరాలూ కలిసిన ఆరు స్థానాల హెచ్‌యూఐడీ, అంటే ఆ ఒక్క నగకే ఇచ్చే గుర్తింపు సంఖ్య. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ ఆరూ కొడితే నగ రకం, స్వచ్ఛత, ఎక్కడ పరీక్షించారు అన్నవి వస్తాయి. ఉంగరం కొంటే యాప్‌లో గాజులు అని వస్తుంటే వెంటనే పక్కన పెట్టేయండి. స్వచ్ఛత తక్కువని తేలితే ఆ తేడాకి రెట్టింపు సొమ్ము, పరీక్ష ఖర్చు కొనుగోలుదారుకి ఇవ్వాలని నిబంధన ఉంది. అయితే ఒక మెలిక ఉంది, రెండు గ్రాముల లోపు వస్తువులకి హాల్‌మార్క్ తప్పనిసరి కాదు. మనం మొదట కొనేవేమో సరిగ్గా అవే, ముక్కుపుడక, చిన్న దుద్దులు. అలాంటప్పుడు బిల్లు మీద ఎన్ని క్యారెట్లో రాయించుకోవడం తప్ప వేరే ఆధారం ఉండదు. "మన షాపేనమ్మా, బిల్లు ఎందుకు, జీఎస్టీ మిగుల్తుంది" అంటే నవ్వి బయటికి రండి.

చెవులు ముందు, మెడ తర్వాత

చాలామంది మొదటి నగ గొలుసే అనుకుంటారు. నేను ఒప్పుకోను. ఆఫీసులో వీడియో కాల్‌లో కనిపించేది చెవి, చీర కట్టినా జీన్స్ వేసినా ఖాళీగా ఉంటే వెలితిగా అనిపించేది చెవి, గొలుసు లేకపోతే ఎవరూ అడగరు, దుద్దులు లేకపోతే ఇంటి ఓనరమ్మ కూడా అడుగుతుంది.

రోజువారీకి రెండు నుంచి మూడు గ్రాముల్లో 22 క్యారెట్ సాదా దుద్దులు, లేదా చెవిని చుట్టుకునే చిన్న రింగులు. ఇందులో డిజైన్ కన్నా ముఖ్యం చెవి వెనక బిగించే శీల. షాపులో ముందువైపు చూసి మురిసిపోయి వెనక్కి తిప్పి చూడం. మర తిప్పే శీల మన పాత పద్ధతి, నిద్రలో కూడా ఊడదు, కానీ దాని మరలు అరిగిపోతాయి, ఐదారేళ్ళకి ఒకసారి మార్పించాలి. నొక్కితే పట్టుకునే పుష్ రకం పెట్టుకోవడానికి సులువు, దుపట్టాకి, హెల్మెట్ పట్టీకి తగులుకుని ఎప్పుడు పడిపోయిందో తెలియదు. బండి మీద ఆఫీసుకెళ్ళే అమ్మాయి మర శీలే తీసుకోవాలి, ఇందులో రెండో ఆలోచన అనవసరం. చెవి రంధ్రంలోకి వెళ్ళే కడ్డీ మందం కూడా చూడండి. బరువు తగ్గించడానికి కడ్డీని వెంట్రుకలా చేసి ముందు పువ్వుని వెడల్పు చేసిన కమ్మలు ఇప్పుడు బాగా వస్తున్నాయి, అవి చెవికి వేలాడి ముందుకి వంగి నేల చూస్తుంటాయి, చెవి రంధ్రం సాగేది కూడా వీటితోనే.

రెండో జత బుట్టలు. ఇక్కడే అసలు ఎంపిక. బంగారు బుట్టలు బాగుండాలంటే ఎనిమిది పది గ్రాములైనా కావాలి, అంటే పైన చెప్పిన రేటుకే లక్ష. ఆ లక్ష ఏడాదికి ఆరేడు సందర్భాలకోసం. నేనైతే బుట్టల్ని వెండి మీద బంగారు పూత వేసినవి తీసుకోమంటాను, లేదా అమ్మవి అడిగి పెట్టుకోమంటాను. తల్లులు గాజులు ఇవ్వడానికి వెనకాడతారు గానీ బుట్టలు అడిగితే మహా సంతోషంగా ఇస్తారు, వాళ్ళు ఎలాగూ బరువని పెట్టుకోవడం మానేసి ఉంటారు. బరువు బుట్టలకి మాటీలు (కమ్మ నుంచి జుట్టులోకి తగిలించే గొలుసులు) వాడండి, వన్ గ్రామ్‌వైనా పర్వాలేదు, జుట్టులో కలిసిపోతాయి, చెవి తమ్మె మిగుల్తుంది.

చెవి దురద పెట్టేవాళ్ళకి ఒక మాట. చాలాసార్లు కారణం నికెల్, అది చవక ఇమిటేషన్ నగల్లో ఉంటుంది, కొన్ని వైట్ గోల్డ్ మిశ్రమాల్లో కూడా. అలాంటి చెవికి 22 క్యారెట్ ఒక్కటే మార్గం అనుకోనక్కర్లేదు, టైటానియం దుద్దులు వందల రూపాయల్లో దొరుకుతాయి, హాయిగా ఉంటాయి.

ఇక మెడకి గొలుసు. మూడు గ్రాముల "లైట్ వెయిట్" గొలుసు చూడ్డానికి ముద్దొస్తుంది, దానికి లాకెట్ తగిలించి రోజూ పెట్టుకుంటే తెగుతుంది, ఎప్పుడన్నదే ప్రశ్న. రోజూ లాకెట్‌తో వేసుకునేదైతే ఆరు గ్రాములకి తగ్గొద్దు, లాకెట్ లేకుండా ఊరికే సన్నగా కావాలంటే నాలుగైనా సరే. లోపల డొల్లగా ఉండే తాడు గొలుసులు తక్కువ బరువులో లావుగా కనిపిస్తాయి, ఒకసారి నలిగితే సరికావు. మామూలు లింకుల గొలుసు అయితే తెగినా ఏ కంసాలి అయినా అతికిస్తాడు. కొక్కెం ఎస్ ఆకారంలో ఉందా, స్ప్రింగ్ ఉందా చూడండి, ఎస్ కొక్కెం రిపేరు సులువు, కాకపోతే అప్పుడప్పుడు నొక్కించుకోవాలి. పొడవు 18 అంగుళాలైతే చొక్కా కాలర్‌లో కనిపిస్తుంది, 24 అయితే చీరకి బాగుంటుంది. ఒక్కటే కొనేటట్టయితే 20 తీసుకోండి, చివర రెండు చిన్న రింగులు ఎక్కువ పెట్టించుకుంటే పొట్టిగా కూడా తగిలించుకోవచ్చు.

చేతుల సంగతికి నేను పెద్దగా విలువివ్వను. సన్నటి బంగారు గాజులు ల్యాప్‌టాప్ మీద గీసుకుని గీసుకుని సొట్టలు పడతాయి, గట్టిగా ఉండాలంటే జతకి రెండు తులాలు కావాలి, అంత డబ్బు ఈ వయసులో మణికట్టుకి పెట్టడం దండగ. హైదరాబాద్‌లో ఉంటే లాడ్ బజార్‌కి వెళ్ళండి, చార్మినార్ పక్కనే, అక్కడి లక్క గాజులకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, చీర రంగు చూపిస్తే దానికి సరిపోయేవి తీసిస్తారు. మీ సైజు రెండు నాలుగా రెండు ఆరా తెలుసుకుని వెళ్ళండి చాలు. ఉంగరం ఒకటి, సన్నది, సరదాకి.

బంగారం కానివి

అమ్మలు ఒప్పుకోరు గానీ ఈ వయసులో నగల పెట్టెలో ముప్పావు వంతు బంగారం కానివే ఉండాలి. అందులో నాకు అన్నిటికన్నా ఇష్టం ముత్యాలు. ఒక వరస తెల్ల ముత్యాలు, చిన్న సైజు, గుండ్రంగా లేకపోయినా ఫర్వాలేదు, ఫార్మల్ చొక్కా మీదా గద్వాల చీర మీదా ఒకేలా నప్పుతాయి, అలా రెండిటికీ నప్పే నగ ఇంకోటి చెప్పండి చూద్దాం. హైదరాబాద్ ముత్యాలు అంటాం గానీ చార్మినార్ దగ్గరి పత్తర్‌గట్టిలో ఇప్పుడు అమ్మేవాటిలో ఎక్కువ చైనా మంచినీటి ముత్యాలే, రంధ్రాలు వేయడం, ఎంపిక చేయడం, గుచ్చడం ఇక్కడి పనితనం. అది మోసమేమీ కాదు, బస్రా ముత్యాలని, అంటే గల్ఫ్ సముద్రపు సహజ ముత్యాలని చెప్పి అమ్మితేనే మోసం. రెండు ముత్యాలు ఒకదానికొకటి మెల్లగా రుద్దితే సన్నటి గరుకు తగలాలి, జారిపోతే ప్లాస్టిక్కో గాజో. ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి వేసి గుచ్చమనండి, దారం తెగినా ఒక్కటే కిందపడుతుంది. సెంటు కొట్టుకున్నాకే పెట్టుకోవాలి, తీశాక మెత్తటి గుడ్డతో తుడవాలి, చెమట తగిలితే మెరుపు పోతుంది.

వెండి ఇప్పుడు బాగా నడుస్తోంది, ఆన్‌లైన్‌లో అయితే మరీను. 92.5 వెండి అంటే నూటికి 92.5 పాళ్ళు వెండి, మిగతాది సాధారణంగా రాగి. బంగారంలా బరువు లెక్కన కాకుండా చాలాచోట్ల నగకి ఇంత అని అమ్ముతారు, అందుకే అందులో వెండి విలువ ఎంతని అడిగితే మొహాలు చూసుకుంటారు. దాన్ని పొదుపు అనుకోకండి, బట్టలు కొన్నట్టే కొనుక్కోండి. ఆక్సిడైజ్డ్ (కావాలనే నల్లబరిచిన) వెండి బుట్టలు కాటన్ చీరల మీద వేసుకుంటే ఇంకేం కావాలి. పనితనం కావాలంటే కరీంనగర్ ఫిలిగ్రీ చూడండి, సన్నటి వెండి తీగల్ని మెలిపెట్టి చేస్తారు, వాళ్ళు చేసే పళ్ళేలు, పెట్టెలే ఎక్కువ పేరు పొందాయి గానీ లాకెట్లు, కమ్మలు కూడా ఉంటాయి. వెండి నల్లబడటం దాని గుణం, నాసిరకమని కాదు. గాలి చొరని చిన్న కవర్లో ఒక్కో వస్తువు విడిగా పెడితే ఆలస్యంగా నల్లబడుతుంది. టూత్‌పేస్ట్‌తో తోమితే గీతలు పడతాయి, పూత ఉన్నదైతే పూతే పోతుంది.

కాలి పట్టీలు కొంటే మాత్రం జాగ్రత్త. వెండి పట్టీల్లో అతుకులు ఎక్కువ, మువ్వలు ఎక్కువ, స్వచ్ఛత షాపుకో రకం, వెండికి హాల్‌మార్క్ తప్పనిసరి కాదు కూడా. తిరిగి ఇస్తే ఎంతకి తీసుకుంటారో కొనేరోజే అడిగి బిల్లు వెనక రాయించుకోండి.

వన్ గ్రామ్ గోల్డ్, రోల్డ్ గోల్డ్, గిల్టు, ఏ పేరు పెట్టినా లోపల రాగో ఇత్తడో, పైన బంగారు పూత. మచిలీపట్నం పక్కన చిలకలపూడి ఈ పనికి తరతరాలుగా పేరున్న ఊరు, దక్షిణాదిన చాలా షాపుల్లో దొరికే నగలు అక్కడివే, నాట్యం చేసే పిల్లల సెట్లతో సహా. పెద్ద హారం, వంకీ, పాపిటబిళ్ళ, వడ్డాణం లాంటివి నిజంగా ఇందులోనే తీసుకోవాలి. ఒక పెళ్ళిలో మూడు గంటలు పెట్టుకునే హారం కోసం ఆరు తులాలు పెట్టక్కర్లేదు, ఫోటోలో తేడా తెలియదు, పక్కన కూర్చున్న పెద్దమ్మకి తెలుస్తుంది, తెలిస్తే తెలియనివ్వండి. పూత నిలవాలంటే చెమట ఆరాక దూదితో తుడిచి పెట్టాలి. అసలు పెట్టుకునేదే రెండు మూడుసార్లు అయితే అద్దెకి తెచ్చుకోవడం ఇంకా నయం, హైదరాబాద్, విజయవాడల్లో పెళ్ళి మేకప్ చేసేవాళ్ళని అడిగితే చెప్తారు. రోజువారీకి మాత్రం ఇవి వద్దు. మెడ మీద పచ్చ మచ్చ పడితే అది రాగికీ చెమటకీ కుదిరిన స్నేహం.

వజ్రాల మీద మోజు ఉంటే

ఇప్పుడు అందరూ అడుగుతున్నది ల్యాబ్‌లో చేసిన వజ్రాల గురించి. అవి నకిలీవి కావు, అదే కర్బనం, అదే గట్టిదనం, షాపుల్లో ఉండే మామూలు డైమండ్ టెస్టర్ కూడా వజ్రమనే చూపిస్తుంది, భూమిలోంచి వచ్చిందా ల్యాబ్‌లో పెరిగిందా తేల్చడానికి వేరే యంత్రాలు కావాలి. ధర సహజ వజ్రంతో పోలిస్తే చాలా తక్కువ, కొన్నేళ్ళుగా ఇంకా పడుతోంది. అందుకే ఎక్స్‌ఛేంజ్ విలువ దాదాపు ఏమీ లేదనుకుని కొనాలి. అలా అనుకోగలిగితే చెవులకి చిన్న ల్యాబ్ వజ్రాల దుద్దులు, 18 క్యారెట్‌లో, ఆఫీసుకి ఇంతకన్నా పనికొచ్చేది లేదు.

సహజ వజ్రం కొంటే విలువ నిలుస్తుందన్నది కూడా పూర్తి నిజం కాదు. పది సెంట్ల లోపు, అంటే వజ్రాల తూకంలో క్యారెట్‌లో పదో వంతు లోపు చిన్న రాళ్ళని బయట మార్కెట్లో ఎవరూ ఆశగా కొనరు, కొన్న షాపే ఎంత శాతానికి తీసుకుంటుందన్నది ఆ షాపు దయ. కాబట్టి బడ్జెట్ ముప్పై నలభై వేలల్లో ఉన్న అమ్మాయికి సహజమా ల్యాబా అన్న చర్చకి అర్థం లేదు, ల్యాబే. ఏది కొన్నా సర్టిఫికెట్ మీద ఏమని ఉందో చదవండి. ల్యాబ్ వజ్రం అమ్ముతూ ఆ మాట బిల్లులో రాయని షాపు ఉంటే అక్కడ కొనకండి.

స్కీమా, ఈఎంఐనా, ఆగడమా

నగల షాపుల స్కీములు పదకొండు నెలలే ఎందుకుంటాయో తెలుసా? కంపెనీలు కొనుగోలుదారుల దగ్గర తీసుకున్న అడ్వాన్సుకి 365 రోజుల్లోపు వస్తువు ఇచ్చెయ్యకపోతే చట్టం దాన్ని డిపాజిట్‌గా చూస్తుంది, ఆ తలనొప్పి లేకుండా పదకొండుతో ఆపుతారు. నెలకి ఐదు వేలు కడితే చివర్లో తరుగులో రాయితీ ఇస్తారు. రెండు రకాలున్నాయి. ఒకటి, ప్రతి నెలా కట్టిన రోజు రేటుకి గ్రాములు జమ అవుతాయి, రెండోది, డబ్బుగానే జమ అయి చివరి రోజు రేటుకి నగ ఇస్తారు. రేటు పెరుగుతున్న కాలంలో మొదటిదే మేలు. రాయితీ ఎంత శాతం తరుగు వరకో అడగండి, పైదంతా మనమే కట్టాలి. నాణేలకి వర్తించదని చాలాచోట్ల ఉంటుంది, నక్షీకి వర్తించదని ఉంటుంది. షాపు మూతపడితే ఆ డబ్బుకి బ్యాంకు డిపాజిట్‌కి ఉన్నట్టు బీమా ఉండదు, కాబట్టి పదేళ్ళుగా నిలబడి ఉన్న చోటే కట్టండి, ఒకే షాపులో పెద్ద మొత్తం పెట్టకండి. ఫలానా నగే కొంటానని మీకు ముందే తెలిస్తే స్కీము మంచిదే. "ఏదో ఒకటి కొందాంలే" అని కడితే పదకొండో నెలలో తరుగు ఎక్కువున్న నగ వైపు నడిపిస్తారు.

దాచుకోవడమే ఉద్దేశమైతే నగ కొననక్కర్లేదు. స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ కింద ఉన్న గోల్డ్ ఈటీఎఫ్ ఉంది, అంటే బంగారం రేటుతో నడిచే, షేర్లలా కొనుక్కునే ఫండ్, తరుగూ లేదు, శీల ఊడిపోతుందన్న టెన్షనూ లేదు. యాప్‌లలో అమ్మే డిజిటల్ గోల్డ్ వేరు, అది తన నియంత్రణలో లేదని సెబీయే 2025లో హెచ్చరించింది. నగకి ఈఎంఐ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఫోన్ కోసం అప్పు చేస్తే ఫోన్ వాడుకుంటాం, నగ కోసం అప్పు చేస్తే తరుగుకి కూడా వడ్డీ కడతాం.

మొత్తం 50,000 ఉంటే నేను ఎలా ఖర్చు పెడతానో చెప్తా. పై లెక్క రేటుకే రెండున్నర గ్రాముల సాదా 22 క్యారెట్ దుద్దులు దాదాపు 29,000, ముత్యాల వరస, వెండి బుట్టలు ఒక జత, చిలకలపూడి రకం సెట్ ఒకటి, మిగతాది ముట్టుకోను. రేటు పెరిగి ఉంటే దుద్దుల్లో అర గ్రాము తగ్గించుకోండి, కడ్డీ మందం తగ్గించకండి. లక్షన్నర ఉంటే దుద్దులతో పాటు ఎనిమిది గ్రాముల గొలుసు, అంతే, బుట్టల దాకా వెళ్ళను. కొందరు దీనికి ఒప్పుకోరు, గొలుసే ముందు అంటారు, మెడలో ఏమీ లేకపోతే బోసిగా ఉంటుందని వాళ్ళ బాధ. ఇంట్లో పాత గొలుసు ఒకటి ఎలాగూ ఉంటుంది కదా.

ఆ పాతవాటి గురించి కూడా. అమ్మమ్మ ఇచ్చిన రాళ్ళ కమ్మలు, చిన్నప్పటి గొలుసు లాంటివి మార్చి కొత్తవి తీసుకుందామా అన్న ప్రశ్న తప్పక వస్తుంది. పాత నగలో లక్క ఉంటుంది, అతుకులో తక్కువ రకం బంగారం ఉంటుంది, అందుకే బరువు చూసి వేసుకున్న లెక్కకీ చేతికి వచ్చేదానికీ పొంతన ఉండదు. హాల్‌మార్కింగ్ సెంటర్‌కి మనమే తీసుకెళ్ళి పరీక్ష చేయించుకోవచ్చు, చిన్న ఫీజే, కాగితం ఇస్తారు, ఆ కాగితం చేతిలో ఉంటే షాపువాడి మాట తీరే మారిపోతుంది. పనితనం బాగున్న పాత కమ్మలైతే కరిగించకండి, శీల మార్పించి మెరుగు పెట్టించుకోండి, అలాంటిది మళ్ళీ చేయించాలంటే ఇరవై శాతం తరుగు. తెగిపోయిన గొలుసు, జతలో ఒకటి పోయిన దుద్దు, సొట్టబోయిన ఉంగరం, వీటిని మాత్రం మొహమాటం లేకుండా ఇచ్చేయండి. ముందు రాళ్ళు ఊడదీయించి వెనక్కి తీసుకోండి, కెంపులైనా పగడాలైనా మీవే. కరిగించడం మీ కళ్ళముందే జరగాలి, కరిగించాక ముద్ద బరువు, మిషన్‌లో వచ్చిన స్వచ్ఛత శాతం రెండూ చూశాకే కొత్త నగ సంగతి మాట్లాడండి. లెక్క నచ్చకపోతే ఆ ముద్ద తీసుకుని వచ్చేయొచ్చు, అది మీ బంగారమే, పక్క షాపులో కూడా తూకానికి పనికొస్తుంది.